కాజాలు ఎటువైపు

స్నానాల గదిలో అద్దం పక్కన ఒక అర ఉంది. అందులో రెండు ట్యూబులుంటాయి. రెండూ ఒకే కంపెనీవి, రెండింట్లోనూ ఒకే మందు, ఈస్ట్రోజన్ జెల్. ఎడమ పక్కది భార్యది. కుడి పక్కది కోటు మాస్టారుది.

భార్యకి ఆ మందు రాసినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషించారు. నెలసరి ఆగిపోయాక ఆమెకి ఒంట్లో ఆవిర్లు పుట్టేవి, నిద్ర పట్టేది కాదు, సూదిలో దారం ఎక్కించబోతే చెయ్యి వణికేది. డాక్టరమ్మ జెల్ రాసింది. కొన్నాళ్ళకి మనిషి తేరుకుంది. పెద్దక్క ఫోన్ చేసి మందు పేరు కనుక్కుని, తన డాక్టరుతో తనూ రాయించుకుంది. ఆమె తమ్ముడు తమ దర్జీ షాపులో కస్టమర్ల ముందే "మందు రాసుకున్నావా చిన్నక్కా?" అని అడిగేవాడు. సైన్సు ఎంత ముందుకు పోయిందో చూడండని వాళ్ళకి చెప్పేవాడు కూడా.

రెండో ట్యూబు వచ్చిన రోజు భార్య ఆ అరకి ఒక పరదా కుట్టి తగిలించింది.

అప్పటికి మాస్టారుకి అరవై దాటాయి. మామగారు పెట్టిన కోట్ల షాపులో కటింగు బల్ల ముందు నిలబడ్డ నాటి నుంచి ఆమెని అందరూ కోటు మాస్టారనే పిలుస్తున్నారు, మగవాడనే అనుకుంటున్నారు. ఊహ తెలిసినప్పటి నుంచి తాను ఆడమనిషినని ఆమెకి తెలుసు. కానీ ఎదుటివాళ్ళు ఎలా కావాలంటే అలా కుట్టివ్వడం ఆమె వృత్తి. తన విషయంలోనూ అలాగే కుట్టిచ్చింది.

హార్మోన్ల డాక్టరు గుండె పరీక్ష, రక్త పరీక్షలు చేయించింది. ఈ వయసులో మాత్రలు వేసుకుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి జెల్ రాసుకోమంది, మగ హార్మోను తగ్గడానికి వేరే మందు ఇచ్చింది, సిగరెట్లు మానాలని షరతు పెట్టింది. ఏం మారుతుందో, ఏం మారదో చెప్పింది. చర్మం మెత్తబడుతుంది, కండ తగ్గుతుంది, ఛాతీ కొంత పెరుగుతుంది. గొంతు మారదు, గడ్డం పోదు, ఎముక కదలదు. ఇరవై ఏళ్ళప్పుడు మొదలుపెట్టినవాళ్ళతో పోల్చుకోవద్దంది. ఇవన్నీ విని మీరేం ఆశిస్తున్నారని అడిగింది.

"గుడ్డని బట్టే కోటు, డాక్టరుగారూ," అంది మాస్టారు. "నాది అరవై ఏళ్ళ గుడ్డ. ఉన్నంతలో చూడండి."

మందు కొనేముందే ఆమె భార్యకి చెప్పింది. షాపు మూసే వేళ. భార్య ఒక కోటుకి కాజాలు కుడుతోంది. ఆ షాపులో కాజాలు ఆవిడ చేతివే. వేరేవాళ్ళు కుట్టినవి మామగారి కాలం నుంచి ఆ గడప దాటలేదు. కాజా సగంలో వదిలితే అంచు పోగులు ఊడిపోతుంది. అందుకని ఆవిడ మొత్తం విని, కాజా పూర్తి చేసి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"మీరెవరో మీకు ఇన్నాళ్ళకి తెలిసిందన్నమాట."

"తెలియడానికి కాదు, చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది."

"మరి నేనెవర్నని చెప్పుకోను?"

భార్య ఏడవలేదు. వద్దని కూడా అనలేదు. ఒకే మాట చెప్పింది. ఇది ఇంట్లోనే ఉండాలి. బయటికి పొక్కిన రోజు తాను పెద్దక్క దగ్గరికి వెళ్ళిపోతుంది. బయట అంటే ముందు తమ్ముడే. వాడు షాపులో సగం వాటాదారు, నోట్లో నువ్వుగింజ నానదు. వాడికి తెలిస్తే వీధికి తెలిసినట్టే.

ఫలానా రోజుకి ఇస్తానన్న కాజాలు ఆ రోజుకి ఇవ్వకపోవడం భార్య ఎరగదు. వెళ్ళిపోతానందంటే వెళ్ళిపోతుంది.

మందు మానడం మాస్టారు వల్ల కాదు. భార్య లేకుండా బతకడమూ ఆమె వల్ల కాదు. రెండూ నిలవాలంటే వచ్చిన మార్పు ఎవరి కంటా పడకూడదు. అదృష్టమో దురదృష్టమో, ఆ పని ఆమెకి బాగా వచ్చు.

మగవాళ్ళ కోటు కుట్టడమంటే సగం దాచడమే. బ్యాంకు మేనేజరుకి ఒక భుజం దిగి ఉంటుంది. ఆ పక్క లోపల గట్టి కాన్వాసు గుడ్డ ఇంకో పొర వేస్తారు. ప్లీడరుగారి పొట్ట కోటు వేసుకోగానే ఛాతీలో కలిసిపోతుంది. ఆ సంగతులు మాస్టారుకీ వాళ్ళ భార్యలకీ తప్ప ఎవరికీ తెలియవు. మాస్టారు అదే విద్య తన మీద ప్రయోగించింది. షాపులో ఎప్పుడూ వేసుకునే వేస్ట్‌కోటుని విప్పి మళ్ళీ కుట్టింది. ఛాతీ దగ్గర కాన్వాసు మార్చింది, భుజాలకి దూది పెట్టింది, నడుము వదులు చేసింది. కొన్ని నెలలయ్యాక మళ్ళీ విప్పింది. మందు అర అంగుళం ఇస్తే కత్తెర ఆ అర అంగుళాన్ని దాచేసేది. మందు ఎంత బాగా పనిచేస్తే ఆమెకి అంత పని.

ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. బాగా కుట్టిన కోటుకి దక్కే మర్యాద ఎప్పుడూ అంతే.

బావమరిది ఒక్కడు మాత్రం ఒకటి గమనించాడు. "సిగరెట్లు మానేసరికి మా బావ మొహం ఎలా తేటపడిందో చూడండి," అని వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. ఆ మాట విని ప్లీడరుగారు కూడా సిగరెట్లు మానేశారు. ఆయన మొహం తేటపడలేదు.

మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు మాస్టారు ట్రయల్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. వేస్ట్‌కోటు గుండీలు విప్పి అద్దంలో చూసుకునేది. ఆ అద్దం ముందు ఊళ్ళో సగం మంది మగవాళ్ళు పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డారు. ఆమె ఏమీ పీల్చేది కాదు. కాసేపు మామూలుగా నిలబడి, మళ్ళీ గుండీలు పెట్టుకుని బయటికి వచ్చేది.

ఆ షాపులో మామగారు పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. తన కోటు తానే కుట్టుకునే దర్జీ, తన పన్ను తానే పీక్కునే డాక్టరు ఒకటేనని ఆయన అనేవారు. మనిషి తన కొలత తాను తీసుకోలేడు, ఒంగితే మారుతుంది, ఊపిరి బిగిస్తే మారుతుంది. అందుకని ఎండాకాలం కోట్ల పని లేనప్పుడు బావా బావమరిదీ ఒకరికొకరు కొలతలు తీసుకుని, ఒకరి కోటు ఒకరు కుట్టుకోవాలి. కొలత తీసేవాడు అంకె పైకి చెప్పాలి. చిన్నక్క దాన్ని తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పాకే తర్వాతి కొలత.

మందు మొదలుపెట్టిన మొదటి వేసవిలో మాస్టారు నడుము పట్టేసిందని తప్పించుకుంది. రెండో వేసవికి బావమరిది ముందే చెప్పాడు. "ఈసారి కుదరదు బావా. నాన్నగారు కల్లోకొచ్చి టేపుతో కొడతారు."

ఆ ఉదయం భార్యే ఉపాయం ఆలోచించింది. ఛాతీ తగ్గించలేం, నడుము పెంచవచ్చు. రెంటికీ తేడా తగ్గితే మనిషి కాస్త లావెక్కినట్టు ఉంటుంది, అంతే. బీరువాలోంచి కోటు లోపలికి వేసే అస్తరు గుడ్డ తీసి, మాస్టారుని చేతులెత్తమని, నడుముకి చుట్టడం మొదలుపెట్టింది. చుట్టు చుట్టుకీ మడత సరిచేసింది. చివర పిన్ను పెట్టింది.

రెండేళ్ళలో భార్య చేతులు ఆమె ఒంటికి తగలడం అదే మొదటిసారి. తగిలింది దాచిపెట్టడానికి. అయినా మాస్టారు ఆ పిన్ను పెట్టడం అయిపోకూడదనుకుంది.

షాపులో బావమరిది టేపు మెళ్ళో వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. వేస్ట్‌కోటు విప్పించాడు. భుజం కొలిచి అంకె చెప్పాడు. చిన్నక్క తిరిగి చెప్పింది. అతను ఒక్క క్షణం ఆగాడు. ఎప్పుడూ ఉండేదానికన్నా తగ్గింది. వయసు మీద పడుతోంది బావా అన్నాడు. తర్వాత ఛాతీ కొలిచాడు. అంకె చెప్పబోయి ఆగి, మళ్ళీ కొలిచాడు. టేపు తీసి వెలుగులో చూశాడు.

ఈ టేపు పాడైందన్నాడు. ఎవరో తడిపి ఇస్త్రీ చేసి ఉంటారు, కుంచించుకుపోయిందన్నాడు. భుజం దగ్గర సాగిన టేపు ఛాతీ దగ్గరికొచ్చేసరికి ఎలా కుంచించుకుపోతుందో అతనికే అర్థం కాలేదు. సొరుగులోంచి కొత్త టేపు తీసి మళ్ళీ కొలిచాడు. అదే అంకె. పైకి చెప్పాడు.

చిన్నక్క తిరిగి చెప్పలేదు.

"పలకవే," అన్నాడతను.

ఆమె కిటికీ వైపు చూస్తోంది. అతను పరధ్యానమనుకుని, ఎవరో మన టేపులు పాడుచేస్తున్నారు, ఏదో దాస్తున్నారు అని గొణిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టారు చెయ్యి నడుము మీదికి పోయింది. బావమరిది చూపు ఆ చేతి వెంట వెళ్ళింది. చొక్కా మీద రెండు వేళ్ళు పెట్టాడు. చొక్కా కింద గుడ్డ ఏదో తెలుసుకోవడానికి అతనికి రెండు వేళ్ళు చాలు.

"ఇది మన కొత్త అస్తరు. నడుముకెందుకు చుట్టావు?"

అతని మొహం మారింది. మామగారు పోయేముందు ఒళ్ళంతా నీరు పట్టింది. ఆ రోజుల్లో ఆయన కోటు విప్పి విప్పి వదులు చేసింది ఇతనే.

"నీరు పట్టిందా బావా? నాకు చెప్పకుండా దాస్తున్నారా ఇద్దరూ?"

ఏం అడిగినా తప్పించుకోవడానికి మాస్టారు జవాబులు సిద్ధం చేసుకుంది. ఈ ప్రశ్నకి చేసుకోలేదు.

"జబ్బు కాదురా. మందు వల్ల. మీ అక్క రాసుకునేదే నేనూ రాసుకుంటున్నాను. నేను ఆడమనిషిని. మొదటి నుంచీ అంతే, ఇప్పుడు ఒంటికి కూడా తెలుస్తోంది."

బావమరిది ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. గోడ మీద తండ్రి ఫొటో చూశాడు.

"బయట బోర్డు మీద ఏముంది బావా?"

"పురుషుల కోట్లు మాత్రమే."

"నాన్నగారి కాలం నుంచి ఈ బల్ల మీద ఆడకోటు కొయ్యలేదు. ఇప్పుడు నీ కోటు ఎలా కొయ్యమంటావు?"

అతనికి ఉన్న అభ్యంతరం అదొక్కటే. మాస్టారు ఇంకేమైనా ఉంటుందేమోనని ఎదురుచూసింది. లేదు.

ఈలోగా చిన్నక్క సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకున్న అంగుస్తానా తీసి డబ్బాలో పెట్టింది. కుర్చీ కిందున్న సంచి తీసుకుంది. "అయిపోయింది కదా," అని మెట్లు దిగి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే బస్టాపులో నిలబడి కనిపించింది. బస్సు వచ్చింది, ఎక్కింది.

"అక్కెక్కడికి?"

"పెద్దక్క దగ్గరికి. నీకు తెలిసిన రోజు వెళ్ళిపోతానంది."

"తెలిసింది నాకైతే అదెందుకు వెళ్ళడం?"

మాస్టారు నడుముకి చుట్టిన అస్తరు విప్పి, మడత పెట్టి, మిగతా అస్తరు గుడ్డ తాను మీద పెట్టింది.

వారం తిరక్కుండా వీధంతా తెలిసింది. బావమరిది ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళకి మాత్రం చెప్పాడు. అడగనివాళ్ళ చేత అడిగించుకున్నాడు. మాస్టారు వేస్ట్‌కోటు మానేసి మామూలు చొక్కాతో పనికి వచ్చింది. నలభై ఏళ్ళు భయపడిన రోజు ఇదేనని బల్ల ముందు నిలబడింది. బ్యాంకు మేనేజరు వచ్చి, ట్రయల్‌కి నిలబడి, అద్దంలో తన భుజాలే చూసుకుని, శుక్రవారానికి ఇస్తారా అని అడిగి వెళ్ళాడు. అద్దం ముందు నిలబడ్డ మగవాడు తన్ను తప్ప ఇంకెవర్నీ చూడడని ఆమెకి తెలియకపోలేదు. ప్లీడరుగారు మాత్రం ప్యాంటు కొలత ఆడవాళ్ళ చేత తీయించుకోనన్నారు. రెండు వారాలకి వచ్చి, వేరే షాపు కోటులో పొట్ట కనబడుతోందని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. కింద బ్రెడ్ల కొట్టతను పలకరించడం మానేశాడు. అతను అంతకుముందూ పలకరించేవాడు కాదు కాబట్టి ఆ సంగతి తెలియడానికి కొంతకాలం పట్టింది.

వరస మార్చడమే బావమరిదికి చిక్కుగా ఉంది. "నిన్నిప్పుడు వదినా అనాలా?" అని అడిగాడు. కత్తెర అందించమన్నప్పుడు అందిస్తే ఏదైనా అనొచ్చంది మాస్టారు. ప్రయత్నిస్తానన్నాడు. కస్టమర్ల ముందు "వదినా, ట్రయల్" అని కేకేసి, వాళ్ళ మొహాలు చూసి ఆనందించడం మొదలుపెట్టాడు.

వీధి ఏమంటుందోనని ఎవరి కోసం భయపడిందో ఆ మనిషి ఇంట్లో లేదు. ఫోన్ చేస్తే పెద్దక్క తీసేది. బాగానే ఉంది, తింటోంది, నిద్రపోతోంది అని చెప్పేది. స్నానాల గది అరకి పరదా వేలాడుతూనే ఉంది. మాస్టారు రోజూ పరదా తొలగించి, తన ట్యూబు తీసి, జెల్ రాసుకుని, మళ్ళీ పరదా వేసేది. దాని అవసరం తీరిపోయింది. కానీ అది భార్య చేతి కుట్టు.

ఆనవాయితీ తప్పకూడదని బావమరిది కోటు కోశాడు. ఆడకోటు ఎలా కొయ్యాలో అతనికి రాదు. రాదని ఒప్పుకోడు. మూడుసార్లు కచ్చాకుట్టు వేసి మూడుసార్లు విప్పాడు. నాలుగోసారి కోటు మాస్టారు ఒంటి మీద కూర్చుంది. దాచడానికి ఎక్కడా కాన్వాసు వెయ్యలేదు. అస్తరు వేశాడు, జేబులు పెట్టాడు. కాజాలు మిగిలాయి.

మామూలుగా కాజాలు ఎక్కడ రావాలో కటింగు చేసినవాడే సుద్దతో గీత పెడతాడు. అతను పెట్టలేదు. కోటు గుడ్డలో చుట్టి, పెద్దక్క ఇంటికి బయల్దేరాడు.

"గీత పెట్టలేదేం?" అని అడిగింది మాస్టారు.

"కాజాలు ఎడమ పక్క కోస్తే మగకోటు. కుడి పక్క కోస్తే ఆడకోటు. నాకు తెలియక కాదు. అది అక్క తేల్చాలి. ఒకసారి కోశాక మళ్ళీ మూసేది కాదుగా."

సాయంత్రం తిరిగొచ్చి, కోటు ఇచ్చాననీ, అక్క ఏమీ అనలేదనీ చెప్పాడు. ఎప్పటికిస్తానందని మాస్టారు అడిగింది. చెప్పలేదన్నాడు. రోజు చెప్పకుండా భార్య కాజాలు తీసుకోవడం అదే మొదటిసారి.

ఎడమ పక్క కోస్తే ఏమిటో మాస్టారుకి తెలుసు. భార్య తిరిగి వస్తుందేమో, కానీ వేస్ట్‌కోటు మళ్ళీ తొడుక్కోవాలి. అసలు కొయ్యకుండా కోటు తిరిగొస్తే అంతకన్నా తేలిగ్గా అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఎవరి కోటు పట్టుకున్నా ముందు కాజాల వైపు చూసేది. అన్నీ ఎడమ పక్కే ఉండేవి. పురుషుల షాపు మరి.

ఒక ఉదయం బల్ల దగ్గరుండగా ఫోన్ మోగింది. భార్య.

"నా ట్యూబు అక్కడే మర్చిపోయాను. ఆవిర్లొస్తున్నాయి. తెచ్చివ్వండి."

అంతే, పెట్టేసింది. బావమరిది చెవులు రిక్కించి విన్నాడు.

"పెద్దక్క దగ్గర అదే మందుందిగా?"

మాస్టారు కత్తెర బల్ల మీద పెట్టి, చొక్కా సర్దుకుంది. "ఉంది," అంది. ఇంటికి వెళ్ళి, పరదా తొలగించి, ట్యూబు జేబులో వేసుకుని బస్సెక్కింది.

పెద్దక్క తలుపు తీసింది. "మరిది..." అని మొదలుపెట్టి ఆగి, రండి అంది. పక్కకి జరక్కుండా ఆమె మొహాన్నే పరీక్షగా చూసింది.

"చర్మం బాగుంది. రోజుకెంత రాసుకుంటారు?"

మాస్టారు చెప్పింది.

"నాకు అందులో సగమే రాసింది మా డాక్టరు," అంది పెద్దక్క. ఆ కోపం మాస్టారు మీద కాదు. చెల్లెలి సంగతి కూడా ఆవిడే చెప్పింది. పక్కింటావిడ వచ్చి, ఎవరిదీ కోటు, మీరెవరు అని అడిగితే, మా మాస్టారుది, నేను ఆవిడకి కాజాలు కుట్టే మనిషిని అందట. పక్కింటావిడ తనకూ ఒక కోటు కావాలందట.

భార్య లోపలి గదిలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. సర్దిన సంచి మంచం మీద ఉంది. కోటు కుర్చీకి వేలాడుతోంది, వీపు ఇటువైపు తిరిగి ఉంది. ముందు భాగం కనిపించడం లేదు.

"వేసుకోండి," అంది భార్య.

మాస్టారు కోటు తీసి తొడుక్కుంది. ఇటూ అటూ చూసుకోలేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ కుడి చెయ్యి గుండీ కోసం కుడి అంచు మీదికి పోయింది. అక్కడ గుండీ లేదు. కాజా ఉంది. పోగు బయటికి రాకుండా, అంచు గట్టిగా, భార్య చేతి కాజా. కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి.

మాస్టారు గుండీ పెట్టుకోబోయింది. కుదరలేదు. ఎడమ చేతిలో గుండీ, కుడి చేతిలో కాజా, ఏది ఎందులోకి వెళ్ళాలో వేళ్ళకి తోచలేదు. ఊళ్ళో సగం మందికి కోట్లు తొడిగిన మనిషి ఒక గుండీ పెట్టుకోలేక నిలబడింది. భార్య సాయం చెయ్యలేదు. కాసేపు చూసింది.

"తొందరేం లేదు," అంది. "ట్యూబేదీ?"

మాస్టారు జేబులోంచి తీసి ఇచ్చింది. భార్య దాన్ని తిప్పి చూసింది.

"మధ్యలో నొక్కారు. ఏ ట్యూబైనా కింది నుంచి నొక్కాలని పెళ్ళయినప్పటి నుంచి చెబుతున్నాను. ఇది నాది కాదు, మీది."

తొందరలో కుడి పక్కది తెచ్చానంది మాస్టారు. వెళ్ళి నీది తెస్తానంది.

"ఎందుకు, రెండూ ఒకటేగా," అని భార్య తన జాకెట్టు చెయ్యి పైకి మడిచి, జెల్ కాస్త తీసుకుని చేతికి రాసుకుంది. అది ఆరేదాకా చెయ్యి అలాగే చాచిపెట్టుకుని కూర్చుంది. రెండో చేత్తో సంచి చూపించి, తీసుకోమంది.